గోల్ పడకముందు చెప్పిన మాట

(2026 ప్రపంచకప్‌కు ముందు, బెంగళూరు మారతహళ్లిలో తెలుగు కుటుంబాలు కలుసుకున్న ఒక సాయంత్రం, రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయుడు ఒకరు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా అమ్మా? ఆ కిటికీ పక్క ఫ్యాను కాస్త తగ్గించు బాబూ, మైకులోకి గాలి కొడుతోంది. ఆఁ, ఇప్పుడు బాగుంది.

నేను డ్రిల్ మాస్టారిని. సికింద్రాబాదులో పుట్టి పెరిగాను. 1991లో ఈ ఊరొచ్చాను. హలసూరు దగ్గర ఒక బడిలో ముప్పై ఏళ్లు పిల్లలతో గ్రౌండులోనే గడిపాను. బంతి ఎలా ఆపాలి, ఎవరికి అందించాలి, బంతి దగ్గర లేనప్పుడు ఎక్కడ నిలబడాలి, ఇవి చెప్పడమే నా ఉద్యోగం. ఇవాళ మాత్రం ఆడేవాళ్ల గురించి కాదు, చూసి వాదించుకునే మన గురించి మాట్లాడతాను. జూన్ 11 నుంచి జూలై 19 దాకా 48 జట్లు, 104 మ్యాచులు. ఆడేది అమెరికా, కెనడా, మెక్సికోల్లో కాబట్టి మనకు చాలావరకు అర్ధరాత్రులూ తెల్లవారుజాములే. నిద్ర లేని కళ్లతో మాట తూలడం చాలా తేలిక.

"ఆట చూసి సంతోషపడక ఈ వాదనలెందుకండీ" అని మొన్న ఒకావిడ అడిగారు. ఆవిడంటే నాకు గౌరవం, కానీ ఆ మాట ఒప్పుకోలేను. క్రికెట్లో ప్రతి బంతికీ లెక్క రాస్తారు. మ్యాచ్ చూడకపోయినా స్కోరుకార్డు చదివితే సగం కథ తెలిసిపోతుంది. ఫుట్‌బాల్‌లో 90 నిమిషాలు ఇరవై రెండు మంది పరిగెత్తి, చివరికి ఒకటి-సున్నా అని రాస్తారు. ఆ ఒకటి-సున్నాలో ఏముంది? ఏమీ లేదు. ఏం జరిగిందో తెలియాలంటే చూసిన ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. నేను బంతిని చూస్తుంటే మీరు బంతికి దూరంగా పరిగెత్తుతున్నవాణ్ణి చూసి ఉంటారు. రెండూ కలిస్తేనే మ్యాచ్. అందుకే వాదన వద్దనను. స్కోరు చూసి వాదించకండి, ఆట చూసి వాదించండి. నేను చెప్పదలచుకున్నది ఇంతే, మిగతాదంతా దీనికి ఉదాహరణలు.

ఇది నాకు మా నాన్న నేర్పారు. 1986 ప్రపంచకప్ మెక్సికోలో జరిగింది. జూన్ 22న అర్జెంటీనా, ఇంగ్లండ్ క్వార్టర్ ఫైనల్. వాళ్లకు మిట్టమధ్యాహ్నం, మనకు రాత్రి పదకొండున్నర. పక్కింటి బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు వీధి వీధంతా చేరింది. మారడోనా మొదటి గోలు చేత్తో కొట్టాడు. మర్నాడు ఎక్కడ చూసినా ఆ చెయ్యి గురించే. నేనూ అదే మాట్లాడుతున్నాను. మా నాన్న హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును కళ్లారా చూసిన మనిషి. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన జట్టు అది. ఆయన టీ తాగుతూ అడిగారు, "చెయ్యి సంగతి లోకమంతా చెప్తుందిరా. నాలుగు నిమిషాల తర్వాత రెండో గోలు పడిందే, ఆ పరుగు ఎక్కడ మొదలైంది?" నేను నోరు తెరవలేకపోయాను. తన సగంలో మొదలైంది. కుడిపక్క, సెంటర్ లైన్‌కు ఇవతల, ఇద్దరు మీద పడుతుంటే తిరిగి బయటపడ్డాడు. ఆ గోలు పడేటప్పుడు నేను అక్కడే ఉన్నాను, కళ్లు తెరుచుకునే ఉన్నాను, కానీ చూడలేదు. ఆ సిగ్గు నాకు ముప్పై ఏళ్ల ఉద్యోగంలో పనికొచ్చింది.

సరే, 2022కి వద్దాం. ఖతర్ ప్రపంచకప్‌ను మా అపార్ట్‌మెంట్ కింది హాల్లో ప్రొజెక్టర్ పెట్టుకుని చూశాం. అనంతపురం, నెల్లూరు, వరంగల్, విజయవాడ, అన్ని వైపులవాళ్లూ ఉన్నారు. రెండు మలయాళీ కుటుంబాలు, ఒక బెంగాలీ జంట. కోళికోడ్ దగ్గర పుల్లావూరు నదిలో మెస్సీకీ నెయ్‌మార్‌కీ రొనాల్డోకీ కటౌట్లు నిలబెట్టిన ఏడాది అది. మా మలయాళీ మిత్రుల ఉత్సాహం ఎంతటిదో మీరే ఊహించుకోండి.

నవంబరు 22, మంగళవారం, మధ్యాహ్నం మూడున్నర. ఇంటినుంచి పనిచేసే కుర్రాళ్లు లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని వచ్చారు. అర్జెంటీనా అప్పటికి 36 మ్యాచులుగా ఓడలేదు. పదో నిమిషంలో మెస్సీ పెనాల్టీ కొట్టాడు. ఆఖరికి సౌదీ అరేబియా 2-1తో గెలిచింది. హాల్లో రెండే మాటలు. "మెస్సీ పని అయిపోయింది" అని కొందరు, "సౌదీవాళ్లకు సుడి ఉంది" అని కొందరు.

రెండూ స్కోరు చూసి అన్నవే. మొదటి సగంలో అర్జెంటీనా బంతిని ఇంకో మూడుసార్లు వలలో వేసింది. మూడూ ఆఫ్‌సైడ్ అని కొట్టేశారు. ఒకసారి అయితే సుడి అనుకోవచ్చు, మూడుసార్లు సుడి ఉంటుందా? సౌదీ డిఫెండర్లు తమ గోలు దగ్గర గుమిగూడలేదు. మైదానం మధ్యకు వచ్చి ఒకే గీత మీద నిలబడ్డారు. మామూలుగా బలహీనమైన జట్టు ఏం చేస్తుంది? భయపడి వెనక్కి వెళ్లి గోడ కడుతుంది. వీళ్ల కోచ్ ఎర్వే రెనార్ వీళ్లను ముందుకు నిలబెట్టాడు. బంతి అందించే క్షణంలో, గోలీ కాకుండా మిగిలినవాళ్లలో అందరికన్నా వెనక ఉన్న డిఫెండర్ని దాటి ముందుకుపోయిన ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్. అంటే నలుగురు డిఫెండర్లూ ఒకే అడుగుగా కలిసి కదలాలి. ఒకడు అరసెకను ఆలస్యమైతే వెనక యాభై గజాల ఖాళీ, ఎదురుగా అర్జెంటీనా ఫార్వర్డ్ లౌతారో మార్టినెజ్. ప్రాణాలకు తెగించిన ఆట అది. ఇది మా హాల్లో చెప్తే ఒక కుర్రాడు, "మరి ఆ మూడింట్లో ఒక్కటి సగం అడుగు తేడాతో ఆన్‌సైడ్ అయ్యుంటే అది తెలివితక్కువ ఆట అనేవాళ్లం కదా మాస్టారూ" అన్నాడు. అవునయ్యా, సరిగ్గా అదే నేను అడుగుతున్నది. అప్పుడు కూడా అది తెగువే. గోలు పడ్డంత మాత్రాన తెగువ తెలివితక్కువ అయిపోదు.

ఇంకో రాత్రి. జపాన్, స్పెయిన్. మనకు అర్ధరాత్రి పన్నెండున్నరకు మొదలైంది. తెల్లారాక ఫోన్లలో ఒక ఫొటో తిరిగింది, మీరందరూ చూసే ఉంటారు. జపాన్ ఆటగాడు మితోమా గోల్‌లైన్ దగ్గర బంతిని వెనక్కి తన్నాడు, తనాకా లోపలికి నెట్టాడు. ఫొటోలో చూస్తే బంతి గీత దాటి బయట ఉంది, మధ్యలో పచ్చగడ్డి కనిపిస్తోంది. వీడియో చూసి గోలు ఇచ్చేశారు. మా గ్రూపులో వందల మెసేజులు. మోసం, అమ్ముడుపోయారు, ఇంకా అనరాని మాటలు.

ఆ సాయంత్రం నేను వంటింట్లోంచి ఒక పెద్ద నిమ్మకాయ తెచ్చి, హాల్లో టేబుల్ మీద సుద్దముక్కతో లావుపాటి గీత గీసి, గీతకు అవతల ఆనీ ఆననట్టు పెట్టాను. ఒక్కొక్కరినీ పిలిచి పక్కనుంచి వంగి చూడమన్నాను. "బయటే ఉంది" అన్నారు. తర్వాత కుర్చీ ఎక్కి నిట్టనిలువునా పైనుంచి చూడమన్నాను. నిమ్మకాయ పొట్ట గీత మీదికి వచ్చి ఉంది. బంతి నేలను తాకేది ఒక్క చుక్క దగ్గరే. ఆ చుక్క గీత దాటినా బంతి గుండ్రం ఇంకా గీత పైనే ఉండొచ్చు. నియమం ఏమిటంటే, బయటికి పోయినట్టు లెక్క కావాలంటే మొత్తం బంతి మొత్తం గీతను దాటాలి. పైనుంచి తీసిన ఫొటో తర్వాత వచ్చింది, అందులో మిల్లీమీటర్ల తేడాతో బంతి లోపలే. ఆ గోలుతో జపాన్ 2-1తో గెలిచింది, అటు కోస్టారికాను 4-2తో కొట్టిన జర్మనీ ఇంటికి పోయింది. ఈ మ్యాచ్ 1-1తో ఆగి ఉంటే గోల్స్ తేడాతో జర్మనీ నిలిచి, జపాన్ పోయేది. ఒక నిమ్మకాయ పొట్టంత తేడాకు నాలుగుసార్లు ప్రపంచకప్ గెలిచిన దేశం పెట్టె సర్దుకుంది. ఇంత గొప్ప విషయం కళ్లముందు జరిగితే దాన్ని మోసం అని రెండక్షరాలతో కొట్టిపారేస్తామా? ఆ మ్యాచ్‌లో బంతి దాదాపు 82 శాతం సేపు స్పెయిన్ దగ్గరే ఉంది. బంతి దగ్గరుంటే ఆట చేతిలో ఉన్నట్టేనా అని వాదించుకోవచ్చు, రాత్రంతా వాదించుకోవచ్చు. దానికి ఎవరూ రాలేదు.

ఆ నిమ్మకాయ తర్వాత మా హాల్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. విరామంలో ప్రతి ఒక్కరూ ఒక చీటీ రాయాలి. ఎవరు గెలుస్తారు అని కాదు. ఏం చూశారు, మీరే కోచ్ అయితే ఏం మారుస్తారు, ఎందుకు. కింద పేరు రాసి స్టీలు డబ్బాలో వేయాలి. మ్యాచ్ అయ్యాక తీసి చదవాలి. గోలు పడ్డాక "నేను ముందే అనుకున్నాను" అనడానికి వీల్లేదు. అనుకుంటే చీటీలో ఉండాలి.

డిసెంబరు 18, ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర, లుసైల్‌లో ఫైనల్. విరామానికి అర్జెంటీనా 2, ఫ్రాన్స్ 0. ఫ్రాన్స్ కోచ్ దెషాం 41వ నిమిషంలోనే జిరూనీ డెంబెలేనీ బయటికి పిలిచి ఇద్దరు కుర్రాళ్లను దింపాడు, తురాం, కోలో మువానీ. ఫైనల్లో విరామం కూడా రాకముందే ఇద్దర్ని మార్చడమంటే ఆ మనిషి తను వేసుకున్న పథకం తప్పని లోకం ముందు ఒప్పుకున్నట్టే. మా డబ్బాలో పందొమ్మిది చీటీలు పడ్డాయి. పదిహేడింట్లో దాదాపు ఒకటే మాట, అయిపోయింది, కప్పు అర్జెంటీనాదే. పద్దెనిమిదోది నాది, అదీ గొప్పగా ఏమీ లేదు. పందొమ్మిదోది నెల్లూరు వాళ్లమ్మాయిది. తొమ్మిదో తరగతి. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరుంది, చదువుతాను: "డి మారియా ఎడమవైపు ఉన్నంతసేపు ఫ్రాన్స్ రైట్ బ్యాక్ కూండే పైకి రాలేడు. నేనైతే డి మారియాని తియ్యను."

(చప్పట్లు)

ఆగండి, ఇంకా ఉంది. రైట్ బ్యాక్ అంటే కుడిపక్క కాపు కాసే డిఫెండర్. 64వ నిమిషంలో అర్జెంటీనా కోచ్ స్కలోనీ డి మారియాని తీసేశాడు, డిఫెండర్ అకూన్యాని దింపాడు. 80వ నిమిషంలో ఎంబాపే పెనాల్టీ, 81లో కళ్లు చెదిరే ఇంకో గోలు. 2-2. హాల్లో ఒక్కసారిగా నిశ్శబ్దం, ఆ పైన అందరూ ఆ అమ్మాయి వైపు చూశారు, చీటీ సంగతి తను అప్పటికే చెప్పేసింది. ఆ కోచ్‌ను తిట్టని నోరు లేదు. ఎక్స్‌ట్రా టైమ్‌లో మెస్సీ 108లో, ఎంబాపే 118లో, 3-3. ఇక ఆట ముగుస్తుందనగా బంతి కోలో మువానీ ముందు పడింది. ఎదురుగా గోలీ ఎమిలియానో మార్టినెజ్ ఒక్కడే. కొట్టాడు. మార్టినెజ్ చాచిన ఎడమ కాలికి తగిలింది. పెనాల్టీల్లో 4-2తో అర్జెంటీనాకు కప్పు. గంట క్రితం తిట్టిన నోళ్లే స్కలోనీ మేధావి అన్నాయి.

నేను ఆ రాత్రి వాళ్లను ఒకటే అడిగాను. డి మారియాని తీయడం సరైనదా, కాదా? ఆ కాలు జానెడు పక్కన ఉండి ఉంటే స్కలోనీ జీవితాంతం దోషి. కాలు అక్కడే ఉంది కాబట్టి మేధావి. 64వ నిమిషంలో తీసుకున్న నిర్ణయం 123వ నిమిషంలో ఇంకొకడి కాలు ఎక్కడుందో దాన్నిబట్టి మంచిదో చెడ్డదో అవుతుందా? డి మారియాకు అప్పటికి 34 ఏళ్లు. ఆ టోర్నీలోనే గాయపడి మ్యాచులు వదులుకున్నాడు. రెండు గోల్స్ ఆధిక్యంలో అలసినవాణ్ణి తీసి డిఫెండర్ని దింపడానికి కారణముంది. ఉంచడానికీ కారణముంది, ఆ అమ్మాయి రాసింది. నా మటుకు నేను ఆ అమ్మాయి పక్షమే, ఇంకో పది నిమిషాలు ఉంచాల్సింది. కానీ స్కలోనీ మూర్ఖుడని అనను. ఆ అమ్మాయి గెలిచింది గోల్స్ పడ్డాయని కాదు. గోల్స్ పడకముందు, కూండే ఎందుకు పైకి రావడం లేదో చూసింది, అందుకు.

ఇప్పుడు కొంచెం కఠినంగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

అదే రాత్రి మన గ్రూపులో ఒకరు "ఇది ఫ్రాన్సా, ఆఫ్రికానా" అని రాశారు. నవ్వు బొమ్మలు వరసకట్టాయి. ఎంబాపే పారిస్‌లో పుట్టాడు, పక్కనే బోందీలో పెరిగాడు. అతని తల్లిదండ్రుల మూలాలు ఎక్కడివైతే ఏం? ఇక్కడ ఈ హాల్లో ఉన్న పిల్లల్లో సగం మంది ఈ బెంగళూరులోనే పుట్టారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. రేపు మన అబ్బాయి కర్ణాటక జట్టుకు ఆడి పెనాల్టీ వదిలేస్తే, "వీడు మనవాడు కాదులే" అని ఎవరైనా అంటే మన కడుపు ఎలా మండుతుంది? 2021 జూలై 11న యూరో ఫైనల్లో ఇంగ్లండ్ తరఫున రాష్‌ఫర్డ్, సాంచో, సాకా పెనాల్టీలు వదిలేశారు. సాకాకు 19 ఏళ్లు. ముగ్గురూ నల్లవాళ్లు. గంటల్లో వాళ్ల మీద విరుచుకుపడిన బూతులు నేను ఇక్కడ పలకలేను. 1950 ప్రపంచకప్‌లో, సొంత మరకానా మైదానంలో ఉరుగ్వే చేతిలో బ్రెజిల్ 2-1తో ఓడితే గోలీ బర్బోసా ఒక్కడి నెత్తిన వేశారు. 2000లో పోయేదాకా మోశాడు ఆయన. 1994లో సెల్ఫ్ గోల్ చేసిన కొలంబియా డిఫెండర్ ఎస్కోబార్‌ను పది రోజుల తర్వాత సొంత ఊళ్లో కాల్చి చంపారు. మాటకూ తూటాకూ మధ్య దూరం మనం అనుకున్నంత ఉండదు. ఆటగాడి ఆటను ఎంతైనా చీల్చి చెండాడండి. వాడి ఒంటి రంగు, తల్లి, ఊరు, వీటి జోలికి పోయే మాట మా డబ్బాలో పడితే నేనే చించేస్తాను.

"మన దేశం లేని పోటీలో మనకెందుకింత ఆవేశం?" ఇది కూడా అడుగుతుంటారు. హలసూరులో గౌతంపుర అని ఒక పేట ఉంది, ఇక్కడినుంచి పెద్ద దూరమేం కాదు. ఆ పేటలో బుద్ధుడు, అంబేడ్కర్, మదర్ థెరిసాల సరసన పెలేకి విగ్రహం ఉంది. నా బడి పిల్లల్లో చాలామంది ఆ సందుల్లోంచి వచ్చినవాళ్లే. బ్రెజిల్ ఎక్కడుందో మ్యాపులో చూపలేని పిల్లవాడు కూడా ఆ విగ్రహం కింద చెప్పులు విడిచి ఆడేవాడు. వాడికి పోయి "బ్రెజిల్‌తో నీకేం పని" అని నేను చెప్పలేను.

పైగా మన కథ కూడా చిన్నదేం కాదు, మనం చదువుకోలేదంతే. 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారత జట్టు ఫ్రాన్స్‌తో తలపడింది. చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. రెండు పెనాల్టీలు వదిలేసి 2-1తో ఓడారు. మన ఆ ఒక్క గోలు కొట్టినవాడు సారంగపాణి రామన్, ఈ బెంగళూరు మనిషి. స్వతంత్ర దేశానికి తొలి గోలు. ఎంతమందికి తెలుసు ఈ హాల్లో? ... ఒకరు. సరే. 1950 ప్రపంచకప్‌లో బూట్లు లేకుండా ఆడనివ్వలేదని మనం వెళ్లలేదు అనే కథ అయితే అందరికీ తెలుసు. ఆ కథ నిలవదు. అప్పట్లో మన సమాఖ్యకు ఒలింపిక్స్ మీదే చూపు, ప్రపంచకప్ విలువ తెలియలేదు, ఓడ ప్రయాణం, ఖర్చు, సన్నాహం అన్నీ బరువనిపించాయి. స్వీడన్, ఇటలీ, పరాగ్వేలున్న గ్రూపులో మన పేరు రాసి, తర్వాత కొట్టేశారు. ఇదీ మనం వాదించుకోవాల్సిన విషయం. బూట్ల కథ వినసొంపుగా ఉంటుంది గనక దాన్నే చెప్పుకుంటున్నాం.

చివరగా సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు మనిషి, నాలాగే బడిపంతులు. సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దింది ఆయనే. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, ఆయన శిక్షణలోవే. 1962లో జకార్తా ఆసియా క్రీడలకు జట్టును తీసుకెళ్లేనాటికి ఒంట్లో క్యాన్సర్. మా సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నాడు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో మన స్టాపర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. జట్టుకు వెన్నెముక లాంటి డిఫెండర్. రహీం సాబ్ ఏం చేశాడు? సెమీఫైనల్లో అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా, అంటే గోలు కొట్టడానికి అందరికన్నా ముందుండేవాడిగా పంపాడు. కుట్లున్న తలతో. దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోలు కొట్టాడు, 3-2. సెప్టెంబరు 4న ఫైనల్. మళ్లీ అదే దక్షిణ కొరియా. స్టేడియం నిండా లక్షమంది, అందరూ మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి. 2-1. స్వర్ణం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత మళ్లీ స్వర్ణం రాలేదు.

తొమ్మిది నెలలకు రహీం సాబ్ పోయారు. 1963 జూన్ 11.

ఈ ప్రపంచకప్ మొదలయ్యేదీ జూన్ 11నే. మెక్సికో, దక్షిణాఫ్రికా, అదే అజ్టెకా మైదానం, 1986లో మా నాన్న నన్ను ప్రశ్న అడిగిన మ్యాచ్ జరిగిన చోటు. మన గడియారంలో అర్ధరాత్రి దాటి పన్నెండున్నర అవుతుంది, తేదీ మారిపోతుంది, అక్కడ మాత్రం ఇంకా పదకొండో తేదీయే. ఆ రాత్రి పదకొండింటికే మా కింది హాలు తలుపులు తీస్తాను. పిల్లలూ పెద్దలూ ఎవరైనా రండి. స్టీలు డబ్బా తోమి పెట్టాను. ఆట మొదలయ్యే ముందు అందరూ ఒక చీటీ రాయాలి, దాని ప్రశ్న ఇప్పుడే చెప్తున్నాను. తల పగిలి కుట్లు పడిన డిఫెండర్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపడం సరైన నిర్ణయమేనా? పతకం సంగతి పక్కన పెట్టి రాయండి. అవునన్నా కాదన్నా కారణం ఉండాలి, కింద పేరుండాలి. పెన్ను ఎవరిది వాళ్లే తెచ్చుకోండి.

నమస్కారం.